కంప్యూటరు ఎక్కడ ఆగుతోంది?



ఇవాళ మన ఇళ్లలో ఉండే చవక డెస్క్‌టాప్ కంప్యూటర్ల గురించి మాట్లాడుకుందాం. కంపెనీవాళ్లు బిగించి, సీలు వేసి అమ్మే డెస్క్‌టాప్‌ల గురించి. కొత్తగా కొనబోయేవాళ్లూ ఉంటారు. కొని నాలుగేళ్లయి, ‘ఇది కదలడం లేదండీ’ అని విసుక్కునేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ పనికొచ్చే మాట ఒకటే చెబుతాను. డబ్బు తీసే ముందు, యంత్రం ఎక్కడ ఆగుతోందో చూడండి. ఆగుతున్న చోటే ఖర్చు పెట్టండి.

మన జంషెడ్‌పూర్‌లో తెలుగు ఇళ్లు తక్కువేం కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి, కదమాలో, సోనారిలో, టెల్కోలో, గోల్మురిలో తరతరాలుగా ఉంటున్నవాళ్లం. ఈ ఇళ్లలో కంప్యూటరు మీద చాలా పనులు ఆధారపడి ఉన్నాయి. పిల్లల చదువు దాని మీద. పెన్షన్ కాగితాలు దాని మీద. విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకుతో, కోడలితో మాట్లాడేది దాని మీద. అటువంటి వస్తువు మొరాయించగానే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ‘పాతబడిపోయింది, తీసి పారేసి కొత్తది కొందాం’ అని. ఆ మాట అనడానికి ముందు ఒక్క పది నిమిషాలు ఆగమంటున్నాను.

జుగ్‌సలాయి రైల్వే గేటు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పైవంతెన రాకముందు అక్కడ గేటు పడిందంటే అంతే. సైకిలైనా, కారైనా, లారీ అయినా నిలబడాల్సిందే. ఆ వరుసలో నిలబడేవాళ్లలో ఒకాయన, రోజూ ఆలస్యమవుతోందని పాత స్కూటరు అమ్మేసి కొత్త మోటారుసైకిలు కొన్నాడనుకోండి. ఇంటికి ముందుగా చేరతాడా? చేరడు. గేటు దగ్గర అందరితో పాటే ఆగుతాడు. ఆ గేటు సంగతి తేలితే, పాత స్కూటరు మీదే హాయిగా చేరేవాడు.

కంప్యూటరులోనూ అలాంటి గేట్లు మూడు ఉంటాయి. ఒకటి డిస్క్. మన ఫొటోలూ, ఫైళ్లూ, విండోస్, అన్నీ నిలవుండే చోటు. రెండోది ర్యామ్. ప్రస్తుతం చేస్తున్న పని పరుచుకునే చోటు. మూడోది ప్రాసెసరు. లెక్క చేసే చోటు. ఏ పనైనా ఈ మూడింటినీ దాటుకుని పోవాలి. మూడింట్లో ఒక గేటు పడి ఉన్నా, మిగతా రెండూ ఎంత గొప్పవైనా లాభం లేదు. ఏ గేటు పడి ఉందో తెలుసుకోకుండా కొన్న వస్తువు, ఆ కొత్త మోటారుసైకిలే అవుతుంది.

ఎలా తెలుసుకోవాలి? పైసా ఖర్చు లేదు. విండోస్ ఉన్న కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, ఈ మూడు కీలూ ఒకేసారి నొక్కండి. మళ్లీ చెబుతున్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. టాస్క్ మేనేజర్ అని ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటుకు వెళ్లండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసగా కనిపిస్తాయి. సీపీయూ అంటే ప్రాసెసరు, మెమరీ అంటే ర్యామ్. ఒక్కొక్క దాని పక్కన శాతం ఉంటుంది. అది తెరిచి ఉంచి, మీరు రోజూ చేసే పనే చేయండి. మీకు ఎప్పుడు విసుగు పుడుతుందో, సరిగ్గా అప్పుడు ఆ అంకెలు చూడండి. ఏది 100కు అంటుకుని దిగడం లేదో, అదే మీ గేటు.

కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. మెల్లగా ఉన్నప్పుడే చూడాలి. పొద్దున ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాలు ఒకసారి. పని మధ్యలో ఒకసారి. కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు ఒక్కో గేటు దగ్గరికీ వెళదాం. ముందు డిస్క్. ఎందుకంటే చవక డెస్క్‌టాప్‌లలో, అందులోనూ ఆరేడేళ్ల కిందటి వాటిలో, ఎక్కువ ఇళ్లలో పడి ఉండే గేటు ఇదే.

పాత రకం హార్డ్ డిస్క్‌లో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు. వినడానికి చాలా వేగం. అయితే లెక్క వేసి చూడండి. సెకనుకు 120 చుట్లు. ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైనే. పళ్లెం మీద కావలసిన చోటు, చదివే తల కిందికి వచ్చేదాకా ఆగాలి. ఆ తల కూడా అటూ ఇటూ జరగాలి. అందుకే అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు చదవాల్సి వస్తే, హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ముక్కలు చదువుతుంది. విండోస్ లేవాలంటే ఇలాంటి చిన్న ముక్కలు వేలకు వేలు చదవాలి. మీరు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఎదురుచూసే సమయమంతా ఆ పళ్లెం తిరిగే సమయమే.

ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగే భాగమేదీ లేదు. అంతా చిప్పులే. చిన్న ముక్కలు సెకనుకు వేలల్లో, పదివేలల్లో చదువుతుంది. అందుకే అదే ప్రాసెసరు, అదే ర్యామ్ ఉంచి, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే, నిమిషాలు పట్టే పని సెకన్లకు దిగుతుంది. చవక కంప్యూటరుకు మనం చేయగలిగిన మార్పులన్నిటిలో ఇంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు. ఈ మాట నేను బల్లగుద్ది చెబుతాను.

మీ దాంట్లో ఏముందో తెలియదా? అదే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్న చోట, హెచ్‌డీడీ అనో ఎస్‌ఎస్‌డీ అనో రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉండి, ఆన్ చేసిన చాలాసేపటిదాకా 100 శాతం దగ్గరే ఉంటే, ఇక ఆలోచించక్కర్లేదు. మీ డబ్బు వెళ్లాల్సిన చోటు అదే.

ఎస్‌ఎస్‌డీలలోనూ రకాలున్నాయి. తీగతో తగిలించే రెండున్నర అంగుళాల సాటా రకం ఒకటి. బోర్డు మీదే నేరుగా గుచ్చే ఎం-డాట్-టూ రకం ఒకటి. గుచ్చే రకంలో ఎన్‌వీఎంఈ అనేది ఇంకా వేగం. ‘ఎన్‌వీఎంఈ లేకపోతే దండగ’ అని షాపులో అంటే కంగారు పడకండి. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు అటూ ఇటూ కాపీ చేసేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. ఉత్తరాలు రాసుకుని, యూట్యూబ్ చూసుకుని, బ్యాంకు పని చేసుకునే ఇంట్లో సాటా రకం చాలు. మీ బోర్డు మీద ఏ రకానికి చోటుందో ముందు చూసి, ఆ రకమే కొనండి.

పాత హార్డ్ డిస్క్‌ను పారేయకండి. అది పని చేస్తూనే ఉంటే, ఫొటోలూ సినిమాలూ దాచుకోవడానికి రెండో డిస్క్‌గా ఉంచుకోవచ్చు. మార్పించే ముందు మాత్రం, మీ పిల్లల పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు, అన్నీ వేరే డిస్క్ మీదికి ఎత్తుకోండి. ఎంత తెలిసిన మెకానిక్ అయినా సరే. ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవర్.

ఇక ర్యామ్ దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. ర్యామ్ చాలకపోతే విండోస్ ఊరుకోదు. పట్టనిదాన్ని తీసుకెళ్లి డిస్క్ మీద పెడుతుంది. కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. అంటే కొరత ర్యామ్‌లో ఉంటే, 100 శాతం డిస్క్ మీద కనిపిస్తుంది. అందుకని డిస్క్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. పక్కనే మెమరీ అంకె కూడా చూడాలి. మెమరీ 90 శాతం దాటి అక్కడే కూర్చుంటే, గేటు అక్కడ కూడా పడినట్టే.

4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రాలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. విండోస్ లేచి నిలబడటానికే అందులో సగం దాకా పోతుంది. మిగిలినదాంట్లో బ్రౌజరు తెరిచి, నాలుగు పేజీలు తెరిస్తే నిండిపోతుంది. ఇవాళ్టి ఇంటి వాడకానికి 8 జీబీ కనీసం. 16 జీబీ ఉంటే ఇంకో ఐదారేళ్లు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ర్యామ్ కొనడానికి ముందు రెండు విషయాలు చూడండి. మొదటిది, ఏ తరం ర్యామ్? డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని ఉంటాయి. ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. వాటి గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే బోర్డు విరుగుతుంది. రెండోది, స్లాటు ఖాళీ ఉందా? టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలోనే, రెండు స్లాట్లలో ఒకటి వాడుకలో ఉంది, అన్నట్టు చూపిస్తుంది. చవక డెస్క్‌టాప్‌లలో కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి తరచుగా ఒకే ర్యామ్ స్టిక్ పెట్టి అమ్ముతాయి. ఖాళీగా ఉన్న స్లాటులో, ఉన్నదాని వంటిదే ఇంకొకటి పెట్టారనుకోండి. జాగా రెట్టింపు అవుతుంది. రెండు స్టిక్‌లూ కలిసి పనిచేయడంతో దారి కూడా వెడల్పవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లకు ఇది మరీ ముఖ్యం. వాటిలో తెర మీద బొమ్మ గీసే పని కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది.

ధర సంగతి. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లు ఆ చిప్పులను ముందే ఎత్తుకుపోతున్నాయి. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటరు, మన సాక్చి బజారులో కొనే ర్యామ్ ధర పెంచుతోంది. కాబట్టి అవసరం లేని ర్యామ్ కొనకండి. మెమరీ 60 శాతం దగ్గర ఉంటే మీకు ర్యామ్ కొరత లేదు. సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనొచ్చా అని అడుగుతారు. కొనొచ్చు. ర్యామ్ వాడితే అరిగేది కాదు. రెండు రోజులు నడిపి చూసుకునే షరతు మీద తీసుకోండి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ మాత్రం వద్దు. అది రాసినకొద్దీ అరిగే వస్తువు. ఎంత అరిగిందో పైకి కనిపించదు.

మూడో గేటు ప్రాసెసరు. షాపుల్లో ఎక్కువ మాటలు దీని గురించే వినిపిస్తాయి. ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. ‘ఐ-సెవెన్ అండీ, ఐ-సెవెన్’ అంటారు. ఐ-సెవెన్ అంటే గొప్పదే. ఎప్పటి ఐ-సెవెన్ అన్నది అడగాలి. ఆ పేరు తర్వాత ఉండే అంకె చూడండి. ఐ-సెవెన్ 2600 అని ఉందనుకోండి. అది ఇంటెల్ రెండో తరం. 2011లో వచ్చింది. ఐ-త్రీ 12100 అని ఉందనుకోండి. అది 12వ తరం. 2022లో వచ్చింది. పేరులో మూడు ఉందని చిన్నచూపు చూడకండి. 2022 నాటి ఆ ఐ-త్రీ, 2011 నాటి ఆ ఐ-సెవెన్‌ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. కరెంటు కూడా తక్కువ తాగుతుంది. నాలుగు అంకెలుంటే మొదటి అంకె తరం. ఐదు అంకెలుంటే మొదటి రెండు అంకెలు తరం. ఇది గుర్తుంచుకుంటే చాలు.

ఇంటర్నెట్‌లో ప్రకటనలు చూసే ఉంటారు. ‘గేమింగ్ పీసీ, ఐ-సెవెన్, 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లు, చాలా చవక’ అని. మన కుర్రాళ్లు వాటికి పడిపోతారు. విప్పి చూస్తే లోపల ఉండేది తరచుగా ఆ రెండో తరం ఐ-సెవెనే. డీడీఆర్3 ర్యామే. జీటీ 730 లాంటి, 2014 నాటి గ్రాఫిక్స్ కార్డే. కొత్తది ఆ డబ్బా, ఆ లైట్లు మాత్రమే. తల్లిదండ్రులకు నా మనవి. పిల్లవాడు అలాంటి ప్రకటన చూపిస్తే తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ప్రాసెసరు పేరు పూర్తిగా, అంకెలతో సహా రాయించండి. అది ఏ ఏడాది వచ్చిందో వాడినే వెతకమనండి.

ప్రాసెసరు తరం సంగతి ఇంకో కారణం చేత కూడా ముఖ్యం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు భద్రతా అప్‌డేట్లకు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చారు. విండోస్ 11 పెట్టుకోవాలంటే, ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస, అక్కడి నుంచి పైవాటినే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఇంటెల్ 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2017 అక్టోబరులో వచ్చాయి. కాబట్టి పాత యంత్రం కొనేవాళ్లు అక్కడ గీత గీసుకోండి. ఎనిమిది, ఆ పైన. ఏడు, ఆరు, నాలుగు అంటే, ఎంత చవకైనా రెండుసార్లు ఆలోచించండి.

మరి ఇంట్లో ఇప్పటికే ఆరో తరం ఉంది, ఏం చేయాలి? పారేయాలా? అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ పెట్టి, లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేయించుకుంటే, బ్రౌజరూ, వీడియో కాల్సూ, తెలుగు టైపింగూ అన్నీ నడుస్తాయి. భద్రతా అప్‌డేట్లూ వస్తాయి. ట్యాలీ మీద లెక్కలు రాసుకునే దుకాణదారుకు మాత్రం ఇది కుదరదు. ట్యాలీకి విండోస్ కావాలి.

కొత్తది కొనాలా, ఆఫీసులు వాడి వదిలేసినది కొనాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బడ్జెట్ తక్కువైతే, మంచి స్థితిలో ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్ మేలు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్, ఈ మూడు పేర్లు ఎక్కువగా వింటారు. పెద్ద సంస్థలు వీటిని కొన్నేళ్లు వాడి, ఒకేసారి వందల లెక్కన మార్చేస్తాయి. వీటిని రోజంతా నడిచేలా తయారుచేస్తారు. అదే డబ్బుకు దొరికే కొత్త చవక యంత్రంలో తరచుగా రెండు కోర్ల, అంటే లెక్క చేసే భాగాలు రెండే ఉన్న, సెలెరాన్ ప్రాసెసరు ఉంటుంది. దాన్ని మార్చడానికి వీలుండదు. బోర్డుకే అతికించి ఉంటుంది. ర్యామ్, డిస్క్ మార్చగలం. అతికించిన ప్రాసెసరును మార్చలేం. అంటే గేటు అక్కడ పడితే ఇక ఎత్తేవాళ్లు లేరు. ఎనిమిదో తరం ఐ-ఫైవ్ 8500లో ఆరు కోర్లుంటాయి. ఇంటి పనికి అది ఇంకా చాలా ఏళ్లు సరిపోతుంది.

వాడినది కొంటున్నప్పుడు షాపులో ఏం చూడాలి? ముందే ఆన్ చేసి పెట్టినది చూపిస్తే ఒప్పుకోకండి. ఆపించండి. మీ కళ్ల ముందు ఆన్ చేయించండి. లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందా వినండి. యూఎస్‌బీ రంధ్రాలన్నిటిలో మీ పెన్ డ్రైవ్ పెట్టి చూడండి. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో చూడండి. విండోస్ లేవకముందు తెరిచే బయోస్ అనే సెట్టింగుల చోటులోకి వెళ్లమనండి. పాత సంస్థ పెట్టిన పాస్‌వర్డ్ అక్కడ ఇంకా ఉంటే, ఆ యంత్రం మీద మీకు పూర్తి అధికారం ఉండదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రాము ఉంది. అది వేయించండి. డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో, దాని ఆరోగ్యం ఎలా ఉందో చూపిస్తుంది. ఆఫీసులో రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు నడిస్తే, ఏడాదికి 2,000 గంటలు. ఐదేళ్లకు 10,000. అంతకు ఎన్నో రెట్లు కనిపిస్తే, ఆ యంత్రం రాత్రింబవళ్లు నడిచిందని అర్థం. బేరానికి అదొక ఆధారం.

ఈ ఆఫీసు డెస్క్‌టాప్‌లకు ఒక పరిమితి ఉంది. ఆటలు ఆడే పిల్లలున్న ఇళ్లవాళ్లు, ఆదిత్యపూర్‌లో చిన్న యూనిట్ నడుపుతూ డ్రాయింగులు గీసుకునేవాళ్లు ఇది వినాలి. వీటిలో పవర్ సప్లై చిన్నది. చిన్న సైజు డబ్బాల్లో సాధారణంగా 180 నుంచి 260 వాట్ల మధ్య ఉంటుంది. దాని కనెక్టరు కూడా చాలాసార్లు ఆ కంపెనీదే, ప్రత్యేకమైనది. బజారులో దొరికే పెద్ద పవర్ సప్లై నేరుగా తగలదు. అందుకని పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టలేం. బోర్డు మీది స్లాటు ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. ఆ 75 వాట్లలోనే నడిచే, విడిగా కరెంటు తీగ అడగని కార్డు మాత్రమే వీటికి సరిపోతుంది. సన్న డబ్బా అయితే కార్డు ఎత్తు కూడా సగమే ఉండాలి. కొలిచి కొనండి.

ఆటోక్యాడ్‌లో గీతల డ్రాయింగులు గీసేవాళ్లకు ఇంకో మాట. ఆ పనికి చాలావరకు ఒక్క కోరు వేగమే లెక్క. కోర్లు ఎన్ని ఉన్నాయన్నది అంత ముఖ్యం కాదు. గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు టాస్క్ మేనేజర్ చూడండి. డ్రాయింగు మొరాయించినప్పుడు ఒక కోరు పూర్తిగా నిండి, మిగతావి ఖాళీగా ఉంటే, గేటు ప్రాసెసరు దగ్గరే ఉంది. కార్డు కొన్నా అది ఎత్తదు.

మన ఊరి వాతావరణం సంగతి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కార్ఖానాల ఊరు, దుమ్ముకు కొదవ లేదు. ప్రాసెసరు బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చలికాలంలో బాగా నడిచి, మే నెలలో మెల్లబడే కంప్యూటరులో చెడిందేమీ ఉండకపోవచ్చు. ఫ్యాను దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. తీగ పీకేసి, మూత తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయరుతో ఊదించండి. ఐదారేళ్ల యంత్రమైతే, ప్రాసెసరు వేడిని బయటికి పంపడానికి దాని మీద రాసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. అది మార్పించండి. చాలా తక్కువ ఖర్చు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము తప్పుగా చూపిస్తుంటే, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయినట్టే. దాని నంబరు సీఆర్ 2032. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. ఇంత చిన్న వాటికి కొత్త కంప్యూటరు కొనకూడదు కదా.

టాటా కంపెనీ కరెంటు వచ్చే కాలనీల్లో యూపీఎస్ అవసరం అంతగా కనిపించదు. మానగో వైపువాళ్లకు మాత్రం అది మొదటి ఖర్చు కావాలి. డిస్క్ మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. పని సేవ్ చేసుకుని, పద్ధతిగా ఆపుకునేంత సమయం మామూలు 600 వీఏ యూపీఎస్ ఇస్తుంది.

మరి ఎప్పుడు ఖర్చు పెట్టడం మానేయాలి? నేను పాటించే లెక్క ఇది. మార్పులకయ్యే ఖర్చు, ఎనిమిదో తరమో ఆ పైదో మంచి వాడిన డెస్క్‌టాప్ ధరలో సగం దాటుతోందంటే, అక్కడ ఆగండి. ఆ డబ్బు దాచి, యంత్రాన్నే మార్చండి. సగం లోపు ఉంటే, బాగుచేయించండి. పాతది కదా అని నామోషీ పడక్కర్లేదు.

మార్చాక మిగిలిన పాత సామాను సంగతి కూడా చెప్పాలి. మన బర్మామైన్స్‌లో జాతీయ లోహ పరిశోధనశాల ఉంది. ఎన్ఎంఎల్ అంటాం. 1950 నవంబరు 26న నెహ్రూగారు ప్రారంభించారు. పాత కంప్యూటరు బోర్డుల నుంచి రాగినీ, బంగారాన్నీ తిరిగి రాబట్టే పద్ధతుల మీద అక్కడి శాస్త్రవేత్తలు పనిచేశారు. అంటే మనం చెత్త అనుకునే బోర్డులో విలువైన లోహాలున్నాయి. వాటితో పాటు సీసం లాంటి విషాలూ ఉన్నాయి. ఆరుబయట తగలబెట్టి రాగి తీసేవాళ్ల చేతికి అది పోకూడదు. ఆ పొగ పీల్చేది ఎవరి పిల్లలో ఆలోచించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, తయారీ కంపెనీలకు పాత సామాను రీసైక్లింగు బాధ్యత ఉంది. కొనేటప్పుడే షాపులో అడగండి, పాతది తీసుకుంటారా అని. డిస్క్ ఇచ్చేటట్టయితే, అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు పూర్తిగా చెరిపించి ఇవ్వండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. కంప్యూటరు ఆన్ చేసి ఆ మూడు అంకెలూ రాసుకోండి. ప్రాసెసరు పేరు అంకెలతో సహా రాసుకోండి. ర్యామ్ స్లాటు ఖాళీ ఉందో లేదో రాసుకోండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని బిష్టుపూర్ వెళ్లినా, సాక్చి వెళ్లినా సరే, షాపువాడు ఏదైనా అమ్మజూపితే ముందు ఆ కాగితం అతని ముందు పెట్టి, ‘వీటిలో దేనికి ఇది పనికొస్తుంది బాబూ?’ అని అడగండి. సూటిగా జవాబు చెప్పిన షాపులోనే కొనండి.